కొండదారికి రాయితీ బస్సు

మార్చి 3

నా ఆఫీసరు తల్లికి,

నేల మీద కాలు నిలవని మీ నాన్న రాస్తున్నాడు. ఫోనులో చెబుదామంటే నువ్వు చెప్పేది నాకు వినపడదు, నేను చెప్పేది ఊరంతటికీ వినపడుతుంది. ముప్పై ఏళ్ళు ఇంజను పక్కన కూర్చోబెట్టి సర్కారు నా చెవులు తీసేసుకుంది. పోతే పోయాయి. కళ్ళు మిగిలాయి కదా, ఆ కళ్ళతోనే చూశాను ఈ రోజు.

బస్సు వచ్చిందే అమ్మలూ! మన కొండదారికి బస్సు! నేను డ్రైవరుగా రిటైరై దిగిపోయిన ఏడే నష్టం వస్తోందని ఎత్తేశారు చూడు, అదే దారికి. కొత్త రంగు, కొత్త సీట్లు, తలుపు దానంతటదే మూసుకుంటోంది. డ్రైవరుకి మీసాలైనా సరిగా రాలేదు గాని, వాడు గేరు మారుస్తుంటే తల్లి ఒళ్ళో పాప కూడా కదలదు. కండక్టరు మనవాడే, నా ఉద్యోగం చివరి రోజుల్లో నాతో పనిచేసినవాడు. ఇప్పటికీ మెళ్ళో ఈల వేలాడుతోంది. అందుకే అందరూ వాణ్ణి ఈలాయన అంటారు. నన్ను చూసి కిందికి దూకి కావలించుకున్నాడు. ఇద్దరం స్టాండు మధ్యలో చిన్నపిల్లల్లా ఏడ్చాం.

అందరికీ చెప్పాను, "ఈ బస్సు మా అమ్మాయి వేసింది" అని. ఒకాయన నవ్వాడు. "మీ అమ్మాయి వెయ్యడమేమిటి తాతా, ఆవిడేమన్నా మంత్రా?" అన్నాడు. "మంత్రి సంతకం పెడతాడు, రాసేది మా అమ్మాయే. బస్సు నిండినా, ఖాళీగా తిరిగినా కిలోమీటరుకి ఇంతని ప్రభుత్వం ఇచ్చేట్టు రాసింది" అన్నాను. ఆయన టికెట్టు తీసుకుని బస్సెక్కాడు.

మీ తమ్ముడు మాత్రం మొహం గంటు పెట్టుకుని తిరుగుతున్నాడు. వాడి బతుకంతా జనాన్ని ఎక్కించుకు తిప్పే ఆ వాను మీదే కదా. అన్నం ముందు కూర్చుని, "రైలుకిస్తారు, విమానానికిస్తారు, ఇప్పుడు బస్సుకిచ్చారు. నా వానుకి మాత్రం జరిమానా రసీదు ఇస్తారు. ఈ మాట మీ ఆఫీసరమ్మకి రాయి" అన్నాడు. రాశాను. వాడి మాటలకేం గాని, నువ్వు ఒకసారి వచ్చి ఈ బస్సెక్కాలి. ముందు సీటు నీకోసం నేను కాపలా కాస్తాను.

గాలిలో తేలుతున్న,
మీ నాన్న


మార్చి 11

నాన్నా,

నీ ఉత్తరం ఆఫీసులోనే చదివాను. పక్క సీటావిడ "ఏమిటంత నవ్వు?" అని అడిగింది. నువ్వు ఇంత సంతోషంగా ఉండి ఎన్నాళ్ళయిందో.

కానీ ఒక్క విషయం. ఆ బస్సు నేను వేసింది కాదు. నేను రాసింది ఒక పోలిక మాత్రమే. రైల్లో వెళ్ళే మనిషి మీద ప్రభుత్వం ఎంత పెడుతోంది, చిన్న ఊళ్ళకి పోయే విమానంలో వెళ్ళే మనిషి మీద ఎంత, బస్సులో మనిషి మీద ఎంత అని. అన్నిటికంటే తక్కువ మంది ఎక్కే విమానానికే తలకి ఎక్కువ పోతోంది. అది చూపిస్తే, కొండదారుల బస్సులకి కొంచెం విదిలించారు.

రెండో పేజీలో ఇంకో మాట కూడా రాశాను. స్టాండు దాటాక పైన ఇరుకు దారుల్లో బస్సు తిరగలేదు. అక్కడ తిరిగే వాన్లకీ కిలోమీటరు లెక్కన ఇవ్వాలని. దాన్ని పైవాళ్ళు కొట్టేశారు. నేను పోట్లాడాను, కుదరలేదు. ఈ మాట తమ్ముడికి నువ్వే నిదానంగా చెప్పు. వాడి మీద కోపంతో అక్క ఏదో చేసిందనుకోకూడదు.

మరో సంగతి, ఇది స్టాండులో చెప్పే మాట కాదు. ఈ రాయితీ మూడు నెలలకే. తర్వాత ఎంతమంది ఎక్కుతున్నారో చూస్తారు. సగం బస్సైనా నిండకపోతే డబ్బు ఆపేస్తారు. ఆ బస్సు నిలదొక్కుకుంటే అదే దారిలో తిరిగే తమ్ముడి వాను ఖాళీ. వాను నిండితే నీ బస్సు పోతుంది. ఒకే ఇంట్లో ఈ రెండూ ఎలా నిలబడతాయో నాకు తోచడం లేదు నాన్నా.

మరదల్ని అడిగానని చెప్పు.

నీ కూతురు


మార్చి 20

నా బంగారు తల్లికి,

నీ ఉత్తరం అందిన రోజే పనిలోకి దిగాను! స్టాండులో సిమెంటు బల్ల ఎక్కి నిలబడ్డాను. "ఎక్కండి నాయనలారా! మూడు నెలలే గడువు! సగమైనా నిండకపోతే మన బస్సు మళ్ళీ పోతుంది! వాన్లు ఎటూ పోవు, ముందు బస్సెక్కండి!" అని అరిచాను. నా గొంతు నీకు తెలుసుగా, హారను అక్కర్లేదు. జనం పోగయ్యారు. వాన్ల వాళ్ళు కూడా బీడీలు పారేసి, దగ్గరకొచ్చి విన్నారు. వాళ్ళ పెద్ద సైలెన్సరు అని ఒకడున్నాడు, నోరు విప్పడు కనుక ఆ పేరు. వాడు కూడా నా దగ్గరకొచ్చి "మూడు నెలలా పెద్దాయనా? సగమా?" అని రెండుసార్లు అడిగి, టీ ఇప్పించాడు. ఎంత మర్యాదో!

నీ రెండో పేజీ మాట తమ్ముడికి చెప్పాను. అప్పుడు బస్సుకి వేళవుతోంది, చెప్పులు వేసుకుంటూ చెప్పాను. "నీ వాన్ల సంగతి కూడా వచ్చిందట్రా, మీ అక్క ఆఫీసులో కొట్టేశారట" అని. వాడు అన్నం తింటున్న పింగాణీ పళ్ళెం తీసి గోడకేసి కొట్టాడు. కోడలి కాలి మీద పెంకు పడి చీరుకుంది. "తిండి మీద కోపమేమిట్రా?" అని నేను కసిరాను. వాడు నా వైపు చూడకుండా వెళ్ళిపోయాడు. కుర్రతనం.

ఇంకో సంగతి. నిన్న మూడో మలుపులో ఎవడో పైనుంచి రాయి విసిరాడు. ముందద్దం ముక్కలుముక్కలైంది. డ్రైవరు చెంపలో గాజుముక్క దిగింది. వాడు ఆపాడనుకున్నావా? ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో చెంప. చొక్కా అంతా నెత్తురుతో తడిసిపోయినా స్టాండుదాకా లాక్కొచ్చాడు. ఏం డ్రైవరమ్మా వాడు! దింపాక నేనే ఆ గాజుముక్క పీకాను. వాడు కెవ్వుమంటే నాక్కూడా కొంచెం వినపడింది.

ఆనందంలో అక్షరాలు వంకర పోతున్నాయి, సర్దుకుని చదువుకో.

మీ నాన్న


మార్చి 29

నాన్నా,

నీ నోట్లో నువ్వుగింజ నానదని అమ్మ ఊరికే అనేది కాదు. చెప్పవద్దన్న ఒక్క మాటా బల్లెక్కి చెప్పావు! వాళ్ళు మర్యాదకి టీ ఇప్పించలేదు. బస్సుని ఎలా చంపాలో నువ్వే వాళ్ళ చేతికిచ్చావు. ఇక వాళ్ళకి బస్సుని కొట్టడం అక్కర్లేదు. ఎక్కేవాళ్ళని కొడితే చాలు, మూడు నెలలకి అదే పోతుంది.

ఇక్కడ కూడా అంటుకుంది. మొన్న వాన్ల సంఘం వాళ్ళు మా ఆఫీసుకొచ్చారు. మాటలతో మొదలై కుర్చీల దాకా పోయింది. మా పెద్దసారు నుదుటి మీద కుట్లు పడ్డాయి. నేను బీరువా వెనక నక్కాను. నా బల్ల మీద పరిచిన కాగితాల మీద ఆయన నెత్తురు.

తమ్ముడికి చెప్పమన్నది ఇలాగా? "అక్క ఆఫీసులో కొట్టేశారు" అంటే వాడేమనుకుంటాడు? నేనే కొట్టేశాననుకోడూ? వాడి దగ్గర్నుంచి నాకు ఒకే ఒక్క ముక్క వచ్చింది, "నీ బస్సుని జాగ్రత్తగా చూసుకో" అని. దాన్ని ఎన్నిసార్లు చదివినా వెచ్చగా అనిపించడం లేదు. నేను ఫోను చేస్తే ఎత్తడు. నువ్వు కూర్చోబెట్టి, చెప్పులు విప్పి, మొదట్నుంచీ చెప్పు. కొట్టేసింది పైవాళ్ళు, పోట్లాడింది నేను అని.

ఆ బస్సెక్కకు నాన్నా. కొన్నాళ్ళు ఇంట్లో కూర్చో.

నీ కూతురు


ఏప్రిల్ 9

నా తల్లికి,

ఇంట్లో కూర్చోమంటావా! ఇప్పుడా? బస్సు నిండిపోతుంటే!

నువ్వన్నది నిజమే, ఎక్కేవాళ్ళని కొట్టారు. కుట్టుపని చేసే ఆవిడ పెదవి చిట్లగొట్టారు. ఒక తాపీమేస్త్రిని మోకాలి మీద కర్రతో కొడితే అక్కడే కూలబడ్డాడు. ఒకావిడ కూరగాయల గంప లాగి రోడ్డు మీద పోసి, వాను టైర్లతో తొక్కించారు. ఆవిడ ఆ గుజ్జులో కూర్చుని శాపనార్థాలు పెట్టింది.

అప్పుడు చూడాలి తమాషా. జనానికి పౌరుషం వచ్చేసింది! అంతకు ముందు ఎక్కనివాళ్ళు కూడా కొట్టించుకోవడానికే అన్నట్టు ఎక్కడం మొదలుపెట్టారు. రాతి క్వారీ వాళ్ళు సుత్తులు సంచుల్లో పెట్టుకుని ఎక్కారు. మొన్న స్టాండులో సైలెన్సరు మనిషి ఒకడు ఆ కుట్టుపనావిడ జుట్టు పట్టుకున్నాడు. అంతే. క్వారీ వాళ్ళు దిగి, వాడి వానుని నలుగురూ పట్టి ఊపి ఊపి పక్కకి పడేశారు. అద్దాలన్నీ సుత్తులతో రాలగొట్టారు. లోపల నిద్రపోతున్న క్లీనరు గాజుపెంకుల మీద మోచేతులతో పాకుతూ బయటికొచ్చాడు. జనం ఈలలు, కేకలు. నేను చప్పట్లు కొట్టాను. అవును, కొట్టాను. నీ దగ్గర దాపరికమేమిటి?

కంగారు పడకు, అది తమ్ముడి వాను కాదు. తమ్ముడు ఆ గుంపులో ఓ పక్కన నిలబడి నన్నే చూస్తున్నాడు. నేను చెయ్యి ఊపాను. వాడు ఊపలేదు.

కూర్చోబెట్టి చెప్పమన్నావు కదా, వాడు ఇంట్లో కూర్చుంటేగా? నేను లేచేసరికి వెళ్ళిపోతాడు, పడుకున్నాక వస్తాడు. నీ ఉత్తరాల్లో నీరసం కనిపిస్తోంది. ఆఫీసు పని ఎక్కువైందేమో, వేళకి తిను.

మీ నాన్న


ఏప్రిల్ 22

తల్లీ, నా తల్లీ,

ఈ ఉత్తరం నువ్వు నిలబడి చదవాలి! మీ నాన్న ఈ వయసులో ఏం చేశాడో తెలుసా?

మొన్న మధ్యాహ్నం బస్సు పైకి వెళ్తోంది. కల్వర్టు దగ్గర రోడ్డుకడ్డంగా బండరాళ్ళు. డ్రైవరు బ్రేకు వేశాడు. పొదల్లోంచి నలుగురొచ్చారు, నలుగురికీ మొహం కనపడకుండా హెల్మెట్లు. తలుపు అద్దం బద్దలుకొట్టి ముగ్గురు లోపలికి జొరబడ్డారు, ఒకడు కిందే ఉన్నాడు. ఒకడి చేతిలో డబ్బా. పెట్రోలు! వెనక సీట్ల మీద గుమ్మరించాడు. ఈలాయన వాడి నడుం పట్టుకుంటే, ఇంకొకడు ఇనపరాడ్డుతో ఈలాయన తల మీద కొట్టాడు. ఈలాయన ఊదబోయిన ఈల నోట్లోనే ఉండిపోయింది, ఆ నోటి మీదుగా నెత్తురు కారింది. జనం కిటికీల్లోంచి దూకారు. ఒకరి మీద ఒకరు పడ్డారు. ఒకాయన భుజం జారింది.

నేను దిగలేదు. నా సీటు నేనెందుకు వదులుతాను? "కాల్చండ్రా, నాతో కలిపి కాల్చండి!" అని అరుస్తూ కూర్చున్నాను.

అప్పుడు కిందున్న నాలుగోవాడు ఎక్కి నా మీదికొచ్చాడు. హెల్మెట్లోంచి ఏదో అరిచాడు, నా చెవులకేం తెలుస్తుంది? నా భుజం పట్టి లేపబోయాడు. డ్రైవరు సీటు కింద టైర్లు ఊడదీసే ఇనప లివరు ఎక్కడ పెడతారో నాకు తెలియదూ? తీశాను. ఒక్కటే దెబ్బ, కుడి మణికట్టు మీద. ఏళ్ళ తరబడి ఏ చప్పుడూ సరిగా వినని ఈ చెవులకి ఆ ఎముక విరిగిన చప్పుడు వినిపించిందే! ఎండుకట్టె విరిచినట్టు!

వాడు మొండిఘటం. ఆ చెయ్యి వేలాడుతుంటే రెండో చేత్తో నా చొక్కా పట్టుకుని మెట్ల మీదుగా ఈడ్చి రోడ్డు మీద పడేశాడు. నేను వాడి మీదే పడ్డాను. అంతలో లోపల భగ్గుమంది. నేను మళ్ళీ లివరు ఎత్తేసరికి వాడు లేచి, చెయ్యి గుండెకి అదుముకుని పారిపోయాడు. పిరికిపంద!

డ్రైవరు ఈలాయన్ని బయటికి లాగి, ఇసకా నీళ్ళూ పోసి మంటలార్పాడు. వెనక సీట్లు కాలాయి, ఇంజను ముందుంది కాబట్టి బతికింది. ఎవరూ చావలేదు. ఈలాయన తల మీద కుట్లు వేశారు, తెలివిలోనే ఉన్నాడు. పోలీసు ఇన్‌స్పెక్టరు నాతో చెయ్యి కలిపి, "మీలాంటివాళ్ళు పదిమంది చాలండీ" అన్నాడు. విరిగిన మణికట్టు కోసం వెతికిస్తానన్నాడు. ఊళ్ళో అందరూ నన్ను చూసి లేచి నిలబడుతున్నారు తల్లీ. మీ అమ్మ ఉంటే మురిసిపోయేది, తర్వాత తిట్టేది.

మనింట్లో కూడా ఓ చిన్న దెబ్బ తగిలింది. తమ్ముడు వాను కింద పని చేస్తుంటే జాకీ జారిందట, చెయ్యి వాచింది. ఎముకలు కట్టేవాడి దగ్గర కట్టు కట్టించుకున్నాడు. తగ్గిపోతుందిలే.

నీ వీరుడు నాన్న


ఏప్రిల్ 28

నాన్నా,

నువ్వు బతికున్నావు. ముందు అది చాలు.

నీ ఉత్తరం ఎన్నోసార్లు చదివాను. రెండు అడుగుతున్నాను, సూటిగా జవాబు రాయి. జాకీ జారింది ఏ చేతి మీద? ఆ హెల్మెట్ మనిషి నిన్ను కొట్టాడా? ఒక్క దెబ్బైనా?

నేను మళ్ళీ రాసేదాకా ఇన్‌స్పెక్టరు దగ్గరికి వెళ్ళకు. ఎవరికీ ఏమీ చెప్పకు. ఈసారైనా.

నీ కూతురు


మే 5

నా చిట్టి ఆఫీసరుకి,

నీ ఫైలుకి వివరాలు కావాలి కాబోలు, రాస్తున్నాను. విరిగింది కుడి చెయ్యి, మణికట్టు. ఇన్‌స్పెక్టరు కూడా అదే రాసుకున్నాడు. నీ ఉత్తరం అందేలోపే రెండుసార్లు వెళ్ళొచ్చాను, కోప్పడకు. ఆసుపత్రులన్నీ గాలించారు, అక్కడ దొరకలేదు. ఇక ఎముకలు కట్టేవాళ్ళ దగ్గర అడుగుతారట. ఆ ఉపాయం ఇచ్చింది ఎవరనుకున్నావు? మీ నాన్నే! డిపోలో నన్ను సత్కరిస్తారట కూడా. ఏ చొక్కా వేసుకోవాలో తేలడం లేదు.

కొట్టాడా అంటే, లేదు. కొట్టడానికి నేను సందిస్తేగా! ఈడ్చాడంతే.

కోడలు ఏమిటో ముక్కు చీదుతూనే ఉంది. జాకీ జారితే ఏడ్చే పిల్ల కాదే. తమ్ముడు ఎడం చేత్తో స్పూనుతో తింటున్నాడు, తల ఎత్తడు. నేను సత్కారం మాట ఎత్తితే లేచి వెళ్ళిపోయాడు. తండ్రికి పేరొస్తే ఇంత కుళ్ళా అనిపించింది, నిజం చెబుతున్నా. బస్సుకి వెనక చెక్కబల్లలు బిగించి మళ్ళీ తిప్పుతున్నారు, అది చూసి అన్నీ మర్చిపోతున్నాను.

మీ నాన్న


మే 10

నాన్నా,

అవి నా ఫైలు కోసం అడగలేదు.

నిన్ను కొట్టకుండా, చెయ్యి విరిగినా సరే, కాలబోయే బస్సులోంచి బయటికి ఈడ్చినవాడు ఎవడై ఉంటాడో ఒక్కసారి ఆలోచించు. భోజనాల దగ్గర నీ ఎదురుగా కూర్చున్నవాడి కట్టు ఎక్కడుందో చూడు.

నేను ప్రభుత్వం జీతం తీసుకుంటున్న మనిషిని, ఈలాయన తల పగిలింది, నిన్ను దాచమనీ చెప్పలేను, చెప్పమనీ చెప్పలేను. వాన్ల కాగితం మళ్ళీ పైకి పెట్టాను. తగలబెట్టినవాళ్ళెవరో తేలేదాకా దాని మీద ఎవరూ సంతకం చెయ్యరట. అది కూడా నీకు తెలియాలి కనుక రాస్తున్నాను.

ఏం చేసినా, వాడి మీద చెయ్యి ఎత్తకు. ఒకసారి ఎత్తావు.

నీ కూతురు


మే 21

తల్లీ,

ఇంతకు ముందు రాసినవన్నీ సంతోషాలనుకున్నాను. అవి వట్టి గంతులు. ఇప్పుడు రాస్తున్నది చదువు.

నీ ఉత్తరం చూసి, కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ చదివాను. భోజనాలప్పుడు చూశాను. కుడి మణికట్టు. కట్టు కింద వేళ్ళు నల్లబడి, వంకాయల్లా ఉన్నాయి. నా నోరు పడిపోయింది. నిజంగానే పడిపోయింది! సిమెంటు బల్ల దగ్గరికి పోలేదు, ఇన్‌స్పెక్టరు కబురు పెడితే ఒంట్లో బాగాలేదన్నాను. వాడే చెప్పాలి, నేను అడగకూడదు అనుకున్నాను. కోడలు నా నుదుటి మీద చెయ్యి పెట్టి, "మామయ్యగారూ, జ్వరమా? మీరు మాట్లాడకపోతే ఇల్లు భయంగా ఉంది" అంది.

ఆఖరికి వాడే స్పూను కింద పెట్టి, "తెలిసిందా?" అన్నాడు. నా చెవి దగ్గరికొచ్చి మరీ అన్నాడు.

"ఎందుకెక్కావురా?" అన్నాను.

"నువ్వు దిగలేదు కనక. నేను పొదల్లో నిలబడాలి, రోడ్డు చూడాలి, అంతే నా పని. కిటికీలోంచి నీ బట్టతల కనబడింది. ముసలాడున్నాడు ఆగండ్రా అన్నాను. ఉంటే ఉండనీ అన్నాడు సైలెన్సరు. ఎక్కాను. పిలిచాను. ఏనాడైనా వినబడిందా నీకు?"

"దెబ్బ తగిలాకైనా హెల్మెట్ తియ్యొచ్చుగా!"

"తీస్తే వాళ్ళు చంపుదురు. తియ్యకపోతే నువ్వు చంపావు."

నాకు నవ్వొచ్చింది తల్లీ. నవ్వుతూనే ఏడుపొచ్చింది. తర్వాత అడిగాను, "ఈలాయన తల?" అని.

"నేను కొట్టలేదు. కానీ పెట్రోలు డబ్బా నా వానులోది. ఎందుకో తెలిసే ఇచ్చాను. నువ్వు ఆ పూట ఎక్కవనుకున్నాను." మళ్ళీ వాడే, "నువ్వు కాకుండా ఇంకో ముసలాడుంటే ఎక్కేవాణ్ణో లేదో నాకే తెలీదు నాన్నా" అన్నాడు.

నువ్వు ఎత్తవద్దన్న చెయ్యి ఎత్తాను. చెంప ఛెళ్ళుమనిపించాను, నా అరచెయ్యి మండింది. ఆ చెంపే పట్టుకుని ముద్దు పెట్టుకున్నాను. కోడలు మా ఇద్దర్నీ చూసి పిచ్చెక్కిందేమోనని గుమ్మంలో నిలబడిపోయింది. నీ రెండో పేజీ సంగతి అప్పుడు చెప్పాను, చెప్పులు లేకుండా, చాప మీద కూర్చుని, మొదట్నుంచీ. "అక్క పోట్లాడిందా?" అని ఒకసారి అడిగాడు. అంతే.

పొద్దున్నే లేచి గడ్డం గీయించుకొచ్చాడు. "స్టేషనుకి పోదాం. ఎవడి పేరూ మాత్రం చెప్పను" అన్నాడు. "నీ పేరు చెప్పు, ముందు అది చాలు" అన్నాను. వాను తాళాలు కోడలి చేతిలో పెట్టాడు. "మరి ఎలా వెళ్తారు?" అంది ఆ పిల్ల. ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఉన్నది బస్సేగా!

ఎక్కాం. మెడకి వేలాడదీసిన ఆ చేతికట్టు చూసి అందరికీ తెలిసిపోయింది. నేను నా ముందు సీట్లో కూర్చున్నాను. వాడు వెనక్కి పోయి, కాలినచోట వేసిన చెక్కబల్ల మీద కూర్చున్నాడు. కుట్టుపనావిడ లేచి దూరంగా వెళ్ళి నిలబడింది. ఇంకా నిలబడినవాళ్ళున్నారు, వాడి పక్కన చోటున్నా ఎవరూ కూర్చోరు. క్వారీ మనిషి ఒకడు సంచిలో చెయ్యి పెట్టాడు, సుత్తి పిడి కనపడింది. నేను లేవబోయాను. ఈ ముసలి మోకాళ్ళు లేవనిచ్చేలోపే ఈలాయన అక్కడికి వెళ్ళాడు.

తలంతా తెల్లకట్టు. మీ తమ్ముణ్ణి చాలాసేపు చూశాడు. వీడు లేచి నిలబడ్డాడు, పెదవులు కదిలాయి, ఏమన్నాడో నాకు తెలియదు. ఈలాయన చెయ్యి ఎత్తాడు. కొడతాడనే అనుకున్నాను, కొట్టినా నేను అడ్డం వెళ్ళకూడదు అనుకున్నాను. ఆ చెయ్యి కడ్డీ మీద పడింది. ఊగకుండా పట్టుకున్నాడు పాపం. వాడేమన్నాడో తర్వాత కుట్టుపనావిడ నా చెవిలో అరిచి చెప్పింది.

"జరుగు. నిలబడితే నాకింకా తల తిరుగుతోంది" అన్నాడట.

జరిగాడు. ఈలాయన వాడి పక్కనే కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. మూడో మలుపు దగ్గర బస్సు వంగినప్పుడు వెనక్కి తిరిగి చూశాను తల్లీ. ఇద్దరూ ఒకే వైపుకి ఒరిగారు.

మీ నాన్న